నల్లద్దం వెంట శామీర్‌పేట దాకా

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో వాళ్ళంతా వరసగా వచ్చి చార్మినారు చూశావా, గాజులు తెచ్చావా అని అడిగారు. చూడలేదు, తేలేదు. నేను వెళ్ళింది ఊరికి ఉత్తరాన, మేడ్చల్, శామీర్‌పేట వైపు. అక్కడ నేను చూసొచ్చిందల్లా వేలెడంత గాజుగొట్టం, అందులో ఒక నల్లటి మరక, ఒక పెద్దామె వంటిల్లు. ఆ మాత్రం దానికి రేపల్లె నుంచి అంత దూరం పోవాలా అని మా తోడికోడలు మూతి విరిచింది. ఆవిడ కోసమే ఇది రాస్తున్నాను. ఓపికుంటే చదువుతుంది.

ముందు మావారి సంగతి చెప్పాలి. ఆయన కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పేవారు. అంతకు ముందు, పెళ్ళికాని రోజుల్లో, హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశారు. చనిపోయినవాళ్ళ కడుపులో విషం ఉందో లేదో తేల్చే పని. ఆ ఉద్యోగం వదిలినా ఆ కబుర్లు వదల్లేదు. సరిగ్గా అన్నం ముందు కూర్చున్నప్పుడే మొదలుపెట్టేవారు. పూర్వం రాజులు భోజనానికి ముందు మొదటి ముద్ద నిప్పులో వేయించి మంట రంగు చూసేవాళ్ళట. పంజరంలో చకోరపక్షిని పెట్టుకుని, విషాన్నం చూస్తే దాని కళ్ళు మారతాయని నమ్మేవాళ్ళట. అదీ కాకపోతే రుచి చూడటానికి ఒక మనిషి, పాపం. "నీ రాజ్యంలో ఆ ఉద్యోగం నాది" అంటూ పొయ్యి మీద ఉండగానే గరిటెతో కూర తీసి అరచేతిలో వేసుకునేవారు. నాలుక చప్పరించి ఒకే మాట అనేవారు: "ఉప్పు కొంచెం తక్కువైంది." నేను ఎంత వేసినా అదే మాట. నాకు ఒళ్ళు మండేది. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు కూరలో ఉప్పెంత ఉందో చెప్పేవాళ్ళు లేరు. ఏదో తినేసి గిన్నె కడిగేస్తున్నాను.

ఆయన చెప్పిన కథల్లో ఒకదానికి మాత్రం ముగింపు ఉండేది కాదు. శామీర్‌పేట వైపు ఒక పల్లెలో ఒకతను వాంతులు, విరేచనాలతో చనిపోయాడు. భార్య మందు పెట్టిందన్నారు అత్తింటివాళ్ళు. పూడ్చిన శవాన్ని తవ్వి తీసి, సీసాల్లో పెట్టి వీళ్ళ దగ్గరికి పంపారు. పరీక్షలో విషం లేదని తేలింది. అంతవరకే ఆయనకు తెలుసు. పరీక్ష చేసేవాళ్ళు సీసా వరకే చూడాలి, మనుషుల జోలికి పోకూడదన్నది అక్కడి పద్ధతి. "ఆవిడ ఇల్లు చేరిందో లేదో" అని మాత్రం ముప్ఫై ఏళ్ళుగా ఉండుండి అనేవారు. కిందటేడు ఆ ప్రయోగశాలలో ఆయనతో పనిచేసిన పాత స్నేహితుడు యాదగిరి గారు మేడ్చల్ నుంచి ఫోను చేసి, ఆమె పేరు మల్లవ్వ అని, బతికే ఉందని చెప్పారు. మావారు ఆ రోజే సంచి దులిపి గుమ్మం దగ్గర పెట్టుకున్నారు. ప్రయాణం కాకుండానే గుండె ఆగిపోయింది. ఆ సంచే నేను పట్టుకెళ్ళాను.

సుచిత్ర

సుచిత్ర చౌరస్తా దగ్గర మా పెద్దనాన్న కూతురు సుబ్బలక్ష్మి ఉంటుంది. భర్తది బ్యాంకు ఉద్యోగం. నేను దిగేసరికి సంచిలోని ఆవకాయ జాడీ మూత ఊడి, నూనె నా చీరలన్నిటికీ పట్టింది. మూత బిగించేటప్పుడు గుడ్డ కట్టడం మర్చిపోయాను. గుడ్డ కట్టేది ఎప్పుడూ మావారే. సుబ్బలక్ష్మి తన చీర ఇచ్చింది. అది నాకు జానెడు పొట్టి. ప్రయాణమంతా చీలమండలు చూపించుకుంటూనే తిరిగాను.

వాళ్ళ అపార్టుమెంటులో ఎవరిని కదిలించినా గుంటూరో, భీమవరమో, కాకినాడో. లిఫ్టులో పులుసు వాసన, గుమ్మాల ముందు మా వైపు ముగ్గులు. ఇంత దూరం వచ్చి మళ్ళీ రేపల్లెలోనే ఉన్నానేమిటి అనిపించింది. గేటు బయట కూరగాయల గంప పెట్టుకుని కూర్చున్న ఆమె దగ్గరికి వెళ్ళాకగాని ఊరు మారినట్టు తెలియలేదు.

"గోంగూర కట్ట ఎంతమ్మా?" అన్నాను.

"గోంగూరేంది, పుంటికూర అను. రూపాయికి రెండు కట్టలు. జల్దీ తీస్కో, ఎండకు వాడిపోతాంది."

మా ఊళ్ళో అయితే ఇంకో కట్ట కొసరు అడిగేదాన్ని. ఆమె మొహం చూసి ఊరుకున్నాను. ఆకు చిన్నది, పులుపు మా దానికంటే ఎక్కువ. సుబ్బలక్ష్మి దాన్ని పచ్చడి చేసింది. బాగుంది. ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలియలేదు.

మేడ్చల్

మేడ్చల్ బస్సులో నా పక్కన ఒక ఫ్యాక్టరీ పిల్ల కూర్చుంది. కుత్బుల్లాపూర్‌లో ఉంటుందట. మందుబిళ్ళలు అట్టల్లో పెట్టే పనట. నేను రేపల్లె నుంచి ఒంటరిగా వచ్చానంటే ఆశ్చర్యపోయి, "మస్తు ధైర్యం నీకు పెద్దమ్మా" అంది. ధైర్యం కాదు, బెంగ అని చెబుదామనుకున్నాను. అంతలో ఆమె స్టాపు వచ్చింది.

యాదగిరి గారికి మోకాళ్ళు పనిచేయడం లేదు. అయినా వాకిట్లో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు.

"రా చెల్లె, రా. వాడు రావాల్సింది, నువ్వొచ్చినవ్" అంటూనే కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళావిడ సర్వపిండి చేసి పెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి గిన్నె అడుగునే అద్ది కాలుస్తారు. మా తపాలచెక్కకు చుట్టం. ఆవకాయ జాడీలో సగమే మిగిలిందని నేను నొచ్చుకుంటే, నూనె పోతే ఏం, కారం ఉందిగా అని ఆవిడ నవ్వేసింది.

తిన్నాక యాదగిరి గారు లోపలి నుంచి ఒక అగ్గిపెట్టె తెచ్చారు. అందులో దూది, దూదిలో గాజుగొట్టం. గొట్టం లోపల ఒకచోట నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తున్న పూత. కిటికీ వైపు తిప్పితే అందులో వెలుగు కనిపించింది. దీన్నే వాళ్ళు అద్దం అంటారు.

ఈ అద్దం కథ కూడా నాకు అన్నం ముందు విన్నదే. పాషాణం, అంటే ఆర్సెనిక్, తెల్లటి పొడి. వాసన ఉండదు, రుచి ఉండదు. తిన్నవాడు కలరా వచ్చినట్టే పోతాడు. అందుకని దేశదేశాల్లో ఎందరో కలరా పేరున కాటికి పోయారు. ఇంగ్లండులో ఒక రసాయన శాస్త్రవేత్త కోర్టుకు తెచ్చిన రుజువు, జూరీ చూసే వేళకు పాడైపోయి, ముద్దాయి విడుదలయ్యాడట. ఆ ఉక్రోషంతో ఆయన పాడుకాని రుజువు కోసం తంటాలు పడ్డాడు. అనుమానమున్న పదార్థాన్ని ఆమ్లంలో వేసి, జింకు ముక్కలు కలిపితే వాయువు పుడుతుంది. అది సన్నటి గాజుగొట్టంలోంచి పోతుంటే గొట్టాన్ని ఒకచోట వేడి చేస్తారు. పాషాణం ఉంటే ఆ వేడి దాటగానే నల్లటి అద్దం పడుతుంది. చిటికెలో వందో వంతు ఉన్నా దాగదు. ఇంత గొప్ప పరీక్షకూ ఒక చిక్కుంది. ఆ జింకులోనే పాషాణం ఉంటే? శవం చుట్టూ ఉన్న మట్టిలో ఉంటే? ఫ్రాన్సులో ఒక పెద్ద కేసులో పండితులు దీని మీదే కొట్టుకున్నారట. అందుకే ఏమీ కలపకుండా, ఉత్త ఆమ్లం, ఉత్త జింకుతో ముందొకసారి చేసి చూడాలి. దాన్ని ఖాళీ పరీక్ష అంటారు.

"ఇది ఆ మల్లవ్వ కేసుదేనా?" అన్నాను.

"ఆమె కేసుదే. గని ఆమె మొగడి కడుపులకెల్లి వచ్చింది కాదు" అన్నారు యాదగిరి గారు. "ఖాళీ పరీక్ష మంచిగనే జేసినం, సీసాల ఉన్న జింకుతోని. అది సాఫ్. గంతల జింకు అయిపోయింది, కొత్తది రాలే. మా అటెండరు హుషారు మనిషి. పాత టార్చి సెల్లులు పగలగొట్టి, పైన డొప్ప జింకే గద అని కత్తిరిచ్చి తెచ్చిండు. మేం గూడ సై అన్నం. దాంతోని అసలు పరీక్ష జేస్తే అద్దం వడ్డది. పెద్దసారు రిపోర్టు రాయుమన్నడు."

"రాశారా?"

"అందరం రాద్దామన్నం. మీ ఆయన జింకు ముక్క చేతుల వట్టుకొని, గీ మసేంది అన్నడు. సెల్లు లోపటి మసి. జింకు మారితే ఖాళీ పరీక్ష మళ్ళ జెయ్యాలె, లేకుంటె నేను సంతకం వెట్ట అని కూసున్నడు. పెద్దసారు ఒర్రిండు. వాడు ఇంటలేడు. జేసిండు. ఏం కలుపకుండనే అద్దం వడ్డది. గిదే అది."

మంచి జింకు వచ్చాక మల్లవ్వ భర్త తాలూకు సారంతో మళ్ళీ చేశారట. గొట్టం తెల్లగా ఉండిపోయిందట. రిపోర్టు వెళ్ళేదాకా ఆమె జైల్లోనే ఉందట. తర్వాత కొన్నాళ్ళకే మావారు కాలేజీలో ఉద్యోగం దొరికి మా వైపు వచ్చేశారు. ఈ మొండితనం సంగతి ఆయన ఎప్పుడూ నాకు చెప్పలేదు. విషం లేదని తేలింది అన్నారంతే. తేల్చింది తనే అని అనలేదు. ఆ గొట్టం చేతిలో పెట్టుకుంటే ఆయన మీద ఎంత బెంగ పుట్టిందో చెప్పలేను. ఒక్కసారి ఎదురుగా ఉంటే బాగా తిట్టి, తర్వాత అన్నం పెట్టేదాన్ని.

"వాడి సొమ్మే, నువ్వు తీస్కపో" అన్నారు యాదగిరి గారు. "మేడ్చల్ అంగట్ల ఎవరో 'గా మందు వెట్టిన మల్లవ్వ' అంటుంటె ఇన్న. గిన్నేండ్లయినా గదే పేరు. అప్పుడు వాకబు జేసిన. పోయి చూడు చెల్లె. నువ్వు చూస్తే వాడు చూసినట్టే."

చెరువు పక్కన

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు అడ్డదారి ఉంది. ద్రాక్షతోటలు, కోళ్ళఫారాలు, మధ్యలో ప్లాట్ల రాళ్ళు. యాదగిరి గారు తెలిసిన ఆటో అబ్బాయిని మాట్లాడి పంపారు. అతని పేరు సత్తయ్య. అతను నాకు దారిపొడుగునా జింకల పార్కు గురించి చెప్పాడు. ఆదివారం సిటీ నుంచి జనం టిఫిన్లు కట్టుకుని చెరువు గట్టు మీదికి వస్తారట. చెరువు నిజంగానే పెద్దది. మా వైపు నీళ్ళంటే కాలువలు, పరుగెత్తుతూ ఉంటాయి. ఇక్కడి నీళ్ళు రాళ్ళ మధ్య కదలకుండా ఎండలో పడి ఉన్నాయి. చూస్తూ కాసేపు నిలబడ్డాను. మావారికి నీళ్ళ పక్కన నిలబడటం ఇష్టం.

మల్లవ్వ ఇంటికి అనగానే సత్తయ్య మొహం మారింది.

"మాట్లాడుతె మాట్లాడున్రి గని, గామె ఇంట్ల ఏం తినకున్రి అమ్మా."

"ఎందుకు?"

"గదంతే. మా అమ్మ చెప్పేది. మేం ఎవ్వరం తినం."

"కోర్టు వదిలేసింది కదయ్యా."

"కోర్టు వదిలేస్తదమ్మా. కోర్టు గామె ఇంట్ల తినాల్నా ఏంది?" అన్నాడు.

మల్లవ్వ ఇల్లు

రెండు గదుల పెంకుటిల్లు. పక్కింట్లోనే తమ్ముడి కుటుంబం ఉంటుందట. పొయ్యి మాత్రం వేరు. మల్లవ్వ సన్నగా, నిటారుగా ఉంది. జుట్టు సగమే నెరిసింది. యాదగిరి గారు ముందే కబురు పెట్టడంతో వాకిలి అలికి ఎదురుచూస్తోంది.

"నువ్వేనా అమ్మా గా సారు ఇంటామె? సారు రాలేదా?"

చెప్పాను. ఆమె గడపలోనే కూలబడింది. "అయ్యో, గాయన మొఖమన్న సూడకపోతిని" అంది.

తర్వాత లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నాకు ఇస్తుందనుకుని చెయ్యి చాపాను. ఆమె చెంబు ఎత్తి, ముందు తన నోట్లో పోసుకుని, మింగి, నోరు తెరిచి నాకు చూపించి, అప్పుడు చెంబు నా చేతికిచ్చింది. నేను నిర్ఘాంతపోయాను. మా వైపు ఇంటికొచ్చినవాళ్ళకు పెట్టకుండా మెతుకు ముట్టరు. వడ్డించే ఆడది చివర్న తింటుంది. ముందు తను తాగి ఎవరికైనా ఇస్తే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కరు. ఇదేం మర్యాద అని ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది. ఆ తర్వాత సత్తయ్య మాటలు గుర్తొచ్చి అర్థమైంది. రాజులకు రుచి చూసే మనిషి వేరే ఉండేవాడు. ఈమె తన వంటకు తనే ఆ మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఇదే మర్యాదగా బతికింది.

ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఆమె నన్నొక మాట అడిగింది. అది ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు.

"నీ మొగడు పోయినంక నువ్వు మంచిగ ఏడ్సినవా అమ్మా?"

ఏడ్చానన్నాను. ఇప్పటికీ ఏడుస్తున్నానన్నాను.

"అదృష్టమే. నన్ను ఏడ్వనియ్యలే. మా ఆయన పానం వోయిన పొద్దే మందు వెట్టినవని కొట్టిర్రు. ఏడిస్తె యేషాలన్నరు, ఏడ్వకుంటె గుండె రాయన్నరు. మట్టి తవ్వి తీసేటప్పుడు నన్ను నిలవెట్టిర్రు. గాయన అంటె నాకెంత పావురమో, ఎంత పానమో ఎవ్వరికి చెప్పాలె? ఇగ జైలుకెల్లి వచ్చినంక ఏడుద్దామనుకున్న. రాలే."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి సంచిలోంచి అగ్గిపెట్టె తీసి గాజుగొట్టం చూపించాను.

"గీ నల్లదానికేనా నన్ను లోపలేసింది?"

"కాదు మల్లవ్వా. దీనివల్లే బయటికి వచ్చారు." నాకు రసాయన శాస్త్రం రాదు, వంట వచ్చు. అందుకని వంట మాటల్లోనే చెప్పాను. "మీ కూర మంచిదే. వాళ్ళు వండి చూసిన గిన్నెకు మసి ఉంది. మావారు ఏమీ వేయకుండా ఉత్త గిన్నె పొయ్యి మీద పెట్టి చూశారు. ఉత్త గిన్నెలోనే ఈ నలుపు వచ్చింది."

ఆమె గొట్టాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"కూర మంచిదే, గిన్నెదే గలీజు" అంది. "గీ ముక్క ఊరోళ్ళకు ఎవ్వరన్న జెప్పిన్రా? తప్పు లేదని కాయితం అచ్చిందన్నరు. ఏమో, పైసలిచ్చి రాయిచ్చుకున్నదన్నరు." గొట్టాన్ని మళ్ళీ జాగ్రత్తగా దూదిలో పెట్టి నాకే ఇచ్చింది. "నువ్వే ఉంచుకో. నీకు గాయన గుర్తు. నాకెందుకు, నేనే ఉన్న గద."

వెళ్ళొస్తానని లేచాను. ఆమె వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు. వంటింటి వైపు ఒకసారి చూసి, తల దించుకుంది. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె ఉంది. పక్కన గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు. నాకోసం పొద్దున్నే వండిందని, తినమని అడగడానికి నోరు రావడం లేదని తెలిసింది.

"ఆకలేస్తోంది మల్లవ్వా, ఏం వండారు?" అన్నాను.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. "పుంటికూర" అంది చివరికి. "తింటవా?"

"తినకుండా ఎలా వెళ్తాను?"

ఆమె గబగబా పీట వాల్చింది. పళ్ళెంలో రెండు రొట్టెలు, పక్కన పుంటికూర, ఉల్లిగడ్డ ముక్క పెట్టింది. వాకిట్లోంచి సత్తయ్య మెడ చాచి మావైపే చూస్తున్నాడు. మల్లవ్వ అతన్ని చూసింది, నన్ను చూసింది. అలవాటు ప్రకారం నా ఎదురుగా కూర్చుని, తన చేతిలోకి ఒక రొట్టె ముక్క తుంచుకుని, నా పళ్ళెంలోని కూరలో అద్దబోయింది.

నేను ఆమె చెయ్యి పక్కకు నెట్టి, ఒక పెద్ద ముక్క తుంచి, నిండా కూర అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నేను నమిలినంతసేపూ నా మొహం వైపే చూసింది. నేను మింగాక, చాలా మెల్లగా, కొత్త కోడలు అత్తగారిని అడిగినట్టు అడిగింది.

"ఉప్పు సరిపోయిందా అమ్మా?"

ముందు తను తినే మనిషికి ఆ ప్రశ్నతో పనిలేదు. ఎన్నేళ్ళ తర్వాత ఆ మాట ఆమె నోటికి వచ్చిందో. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాగుంది, అమృతంలా ఉంది అని అబద్ధం చెప్పి వచ్చేయవచ్చు. కానీ ఆమె అడిగింది నిజంగా. ఇంకో ముక్క తిని, నాలుక చప్పరించి చూశాను.

"కొంచెం తక్కువైంది" అన్నాను.

"అయ్యో, గంతేనా!" అని నవ్వింది. నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, చేతిలో రొట్టె ముక్క తినడం మర్చిపోయి, ఉప్పు తేవడానికి లేచింది.